పిల్లలకు కొనుక్కోవడం నేర్పడం: వినియోగదారుల హక్కులు, బాధ్యతల మీద తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ లిఫ్టులో, స్కూలు గేటు దగ్గర, ఫంక్షన్లలో భోజనాల బంతి మీద అమ్మలూ నాన్నలూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. చట్టం సంగతి అవసరమైన చోట చెప్పాను కానీ, ఎక్కువ భాగం కొట్టు ముందు పిల్లల పక్కన నిలబడి ఏం చేయాలన్నదే.

అసలు ఏ వయసులో మొదలుపెట్టాలి?

పెరుగు ప్యాకెట్టు తెమ్మని పిల్లని ఒక్కదాన్నే కింద కొట్టుకి పంపుతున్నారంటే ఆ వయసు వచ్చేసినట్టే. కొన్ని ఇళ్ళలో అది ఏడేళ్ళకి, కొన్ని ఇళ్ళలో పదేళ్ళకి. అప్పుడు హక్కులు, చట్టాలు అంటూ పెద్ద మాటలు అక్కర్లేదు. ప్యాకెట్టు మీద తేదీ చూడటం, రేటు చూడటం, ఇచ్చిన చిల్లర అక్కడే నిలబడి లెక్కపెట్టుకోవడం, ఇంతే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఎకనామిక్స్ పుస్తకంలో వినియోగదారుల హక్కుల మీద ఏకంగా ఒక పాఠం ఉంది, బాగానే ఉంటుంది, కానీ పదో తరగతికి వచ్చేసరికి మన పిల్లలు ఫోన్లో ఆర్డర్లు పెట్టేస్తున్నారు కాబట్టి అప్పటిదాకా ఆగితే లాభం లేదు.

ఒక్క షరతు. డబ్బు పిల్లల చేతిలో ఉండాలి. మీరు పర్సు పట్టుకుని నిలబడి పక్కనుంచి ఉపన్యాసం ఇస్తే వాళ్ళకి ఏమీ ఎక్కదు, తమ ఇరవై రూపాయలు పోతున్నాయంటేనే కళ్ళు తెరుచుకుంటాయి.

ఆరు హక్కులు బట్టీ పట్టించాలా?

పరీక్షకి కావాలంటే పట్టించండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 (2020 జూలై నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు 1986 నాటి చట్టం ఉండేది) చెప్పే ఆరు ఇవి: హాని చేసే సరుకుల నుంచి రక్షణ, నాణ్యత, పరిమాణం, ధర వంటివి తెలుసుకునే హక్కు, నాలుగు రకాలు చూసి ఎంచుకునే హక్కు, మన మాట వినమనే హక్కు, నష్టపోతే పరిహారం కోరే హక్కు, అవగాహన పొందే హక్కు. ఇంట్లో మాత్రం ఈ వరసలో చెప్పకండి. తెలుసుకునే హక్కు బిస్కెట్ ప్యాకెట్టు దగ్గర, పరిహారం హక్కు విరిగిపోయిన కంపాస్ బాక్సు దగ్గర దానంతట అదే వస్తుంది.

ప్యాకెట్టు మీద ఇన్ని అక్షరాలుంటాయి, పిల్లలకి ఏవి చూపించాలి?

ఒక బిస్కెట్ ప్యాకెట్టు తీసుకుని వెనక్కి తిప్పండి. ముందు వైపు కంపెనీ చెప్పాలనుకున్నది ఉంటుంది, వెనక వైపు చట్టం చెప్పించింది ఉంటుంది. పిల్లలకి ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వెనక వైపు ఎమ్మార్పీ ఉంటుంది, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర అది. నికర బరువు ఉంటుంది. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఉంటాయి. తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి కస్టమర్ కేర్ నంబరు ఉంటాయి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు ఉంటుంది, అంకెలు లెక్కపెట్టమంటే చిన్నపిల్లలకి భలే సరదా. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం. మాంసాహారానికి కూడా పాతరోజుల్లో చుక్కే ఉండేది, రంగులు పోల్చుకోలేని వాళ్ళకి ఇబ్బంది అని దాన్ని త్రికోణం చేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది పదార్థాల జాబితా. అందులో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలి. ముందు వైపు బాదం బొమ్మ పెద్దగా వేసి ఉంటుంది, వెనక చూస్తే మైదా, చక్కెర, పామాయిల్ అయ్యాక ఎక్కడో చివర బాదం కనిపిస్తుంది, పక్కనే శాతం కూడా రాసి ఉంటుంది. దాన్ని పిల్లలతోనే వెతికించండి, మీరు చెప్పేయకండి. ఒకసారి దొరికిందంటే ఇక ప్రతి ప్యాకెట్టూ తిప్పి చూస్తారు, సూపర్ మార్కెట్‌లో మీకు లేటవుతుంది కూడా.

కాస్త పెద్ద పిల్లలైతే 2022 నుంచి వచ్చిన ఇంకో చిన్న లైను చూపించండి. గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో ప్యాకెట్టు మీదే వేయాలి. 'ఫ్యామిలీ ప్యాక్' అన్నది నిజంగా చవకో కాదో అక్కడ తేలిపోతుంది, కొన్నిసార్లు చిన్న ప్యాకెట్లు రెండు కొనడమే నయం. పది రూపాయల చిప్స్ ప్యాకెట్టు ఏళ్ళ తరబడి పది రూపాయలే ఉంటుంది కానీ లోపల బరువు తగ్గుతూ వస్తుంది. పాత కవరు ఒకటి దాచి ఉంచి, కొత్తది వచ్చాక పక్కపక్కన పెట్టి చూడమనండి.

చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చి పంపుతున్నారు, పిల్ల కూడా సంతోషంగా తెచ్చుకుంటోంది. ఏమనాలి?

మీ అమ్మాయికి ఆ చాక్లెట్ కావాలనిపించి తీసుకుంటే గొడవేం లేదు. వద్దంటే మాత్రం తీసుకోవాలన్న రూలేమీ లేదు, రావాల్సింది డబ్బు, చాక్లెట్ కాదు. "అంకుల్, చాక్లెట్ వద్దు, రెండు రూపాయలు రేపు తీసుకుంటాను, రాసిపెట్టుకోండి" అని చెప్పడం నేర్పండి. ఇంటి దగ్గరి కొట్టు అయితే నిజంగానే రాసుకుంటారు. కొట్టతనికి కూడా చిల్లర కష్టాలు ఉంటాయి కాబట్టి ఆదివారం ఇంట్లో డబ్బాలో ఉన్న నాణేలు ఏరి పిల్లతోనే ఆయనకి పంపించి నోటు తెప్పించుకోండి, మర్నాటి నుంచి ఆయన చూసే చూపే వేరుగా ఉంటుంది.

ఫోన్‌పే వచ్చాక ఈ సమస్య తగ్గిందిగా అంటారు. తగ్గింది, దాంతో పాటు పిల్లలకి చిల్లర లెక్కపెట్టడమూ రాకుండా పోతోంది.

కూల్‌డ్రింక్‌కి ఎమ్మార్పీ మీద ఐదు రూపాయలు ఎక్కువ అడిగితే?

బస్టాండులో, రైల్వే స్టేషన్ బయట, టూరిస్టు చోట్లలో ఇది మామూలే. 'కూలింగ్ చార్జీ' అంటారు. కొట్టులో సీసా కొనుక్కుని వెళ్ళిపోతున్నప్పుడు ఎమ్మార్పీ కన్నా పైసా ఎక్కువ అడగకూడదు, చల్లగా ఉన్నా సరే. ఒకే సరుకుకి ఒక్కో చోట ఒక్కో ఎమ్మార్పీ ముద్రించడం కూడా 2018 జనవరి నుంచి కుదరదు.

అయితే పిల్లాడికి సగం విషయం చెప్పి వదిలేయకండి. హోటల్లో కూర్చుని, వాళ్ళు తెచ్చిపెట్టిన నీళ్ళ సీసాకి ఎమ్మార్పీ కన్నా ఎక్కువ వేస్తే ఏమిటన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ మనం కొనేది సీసా మాత్రమే కాదు, కుర్చీ, బల్ల, వడ్డన కలిపి తీసుకునే సేవ కాబట్టి ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో తీర్పు వచ్చింది. పిల్లాడు ఏసీ రెస్టారెంట్లో వెయిటర్‌తో ఎమ్మార్పీ గొడవ పెట్టుకుంటే నష్టపోయేది వాడే. సినిమా హాల్లో బకెట్టు పాప్‌కార్న్‌కి ఎమ్మార్పీ ఉండదు, అది ప్యాక్ చేసిన సరుకు కాదు. రేటు నచ్చకపోతే కొనకపోవడమే మార్గం, ఇది చెప్పడానికి సులువే, హాల్లో పక్క సీటు పిల్లాడు తింటుంటే అమలు చేయడం కష్టం.

హోటల్ బిల్లులో కింద 'సర్వీస్ చార్జ్' అని కలిపేస్తే మాత్రం తీసేయమని అడగవచ్చు. దాన్ని తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అది జీఎస్టీ కాదని పిల్లలకి బిల్లు మీద వేలు పెట్టి చూపించండి, ఎందుకంటే పెద్దవాళ్ళలో కూడా చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

బేరం ఆడటం నేర్పించాలా?

నేర్పండి. ఎక్కడ ఆడకూడదో కూడా నేర్పండి. ఎమ్మార్పీ అంటే గరిష్ఠ ధర, అంతకు తక్కువకి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో, ఫర్నిచర్ షాపులో, బట్టల దగ్గర అడగడంలో తప్పులేదు. మాల్‌లో స్టిక్కర్ మీద ఉన్నంతా నోరెత్తకుండా కట్టేసి బయటికొచ్చి, మల్లెపూలు అమ్మే ఆవిడ దగ్గర మూర పది రూపాయలకి ఇవ్వమని పట్టుబడితే పిల్లలు అదే నేర్చుకుంటారు. కూరగాయల దగ్గర కొసరు వేయమనడం మన అలవాటు, అది ఆవిడ ఇష్టంతో ఇచ్చేది, హక్కు కాదు. గుప్పెడు కరివేపాకు కోసం నడిరోడ్డు మీద పెద్ద గొంతేసుకునే అమ్మలు నా బంధువుల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

తూకంలో మోసం ఎలా పట్టుకోవాలో పిల్లలకి అర్థమవుతుందా?

అర్థమవుతుంది, పెద్దవాళ్ళకన్నా బాగా. మనం రేటు అడుగుతూ ఉంటాం, వాళ్ళ కళ్ళు కాటా మీదే ఉంటాయి.

రైతు బజారుకి తీసుకెళ్ళండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైనవి ఇవి, ఇప్పటికీ లోపలికి వెళ్ళగానే ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. బోర్డు మీద టమాటా, వంకాయ, బెండకాయ రేట్లు రాసుకుని లోపల ఏ దుకాణంలో ఎంత చెబుతున్నారో పోల్చమనండి, గంట గడిచిపోతుంది. ఎలక్ట్రానిక్ కాటా అయితే సరుకు పెట్టకముందు సున్నా చూపిస్తోందా అన్నది మొదటి సంగతి. రాళ్ళ త్రాసు అయితే ఇనుప తూకపు రాళ్ళ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, రాయి బదులు ఇటుక ముక్కో బ్యాటరీయో పెట్టి తూస్తే అది కొలత కాదు.

స్వీట్ షాపులో ఇంకొకటి. అట్టపెట్టె కాటా మీద పెట్టి, అందులో కాజాలు నింపి, మొత్తం కలిపి కిలో అంటారు. పెట్టె బరువు తీసేసి తూయాలి. ఖాళీ పెట్టె ఇంటికి తెచ్చాక వంటింటి కాటా మీద పెట్టి చూడమనండి, పండగ పెట్టెలైతే బరువు బాగానే తూగుతాయి. కిలో కాజాల ధరని వెయ్యితో భాగించి, ఆ గ్రాములతో గుణించి, పెట్టెకి ఎంత కట్టామో లెక్క తేలిస్తే ఐదో తరగతి పిల్లాడికి కూడా ఒళ్ళు మండుతుంది. విడిగా అమ్మే స్వీట్ల ట్రేల ముందు ఎప్పటిలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు నుంచి రూలు ఉంది, ఆ చీటీ ఉందో లేదో కూడా చూడమనండి.

గ్యాస్ సిలిండర్ ఇంకా మంచి పాఠం, ఇంటికే నడిచొస్తుంది. పైన పిడి కింద నిలువు పట్టీల మీద ఖాళీ సిలిండర్ బరువు పెయింటుతో రాసి ఉంటుంది, 15.3 అనుకోండి. గ్యాస్ 14.2 కిలోలు. రెండూ కలిపితే 29.5. డెలివరీ అన్నని తూచి చూపించమని అడగవచ్చు. అదే చోట 'ఎ', 'బి', 'సి', 'డి' అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. 'సి 27' అంటే 2027 జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ సిలిండర్‌ని మళ్ళీ పరీక్షించాలని. గడువు దాటిపోయి ఉంటే వద్దని మార్చమనవచ్చు. నాలుగు అక్షరాలు, నాలుగు త్రైమాసికాలు, పిల్లలు దీన్ని రహస్య సంకేతం చదివినట్టు చదువుతారు. ఇక బిల్లు మీద ఉన్న మొత్తంలో ఇంటికి తెచ్చి ఇవ్వడం కూడా కలిసే ఉంటుంది, మూడో అంతస్తుకి మోసుకొచ్చిన మనిషికి మీరు పైన ఇచ్చేది మీ ఇష్టం, ఆయన అడగాల్సిన చార్జీ కాదు. మా ఇంట్లో ఇస్తాం, ఎందుకిస్తున్నామో పిల్లలకి చెప్పే ఇస్తాం.

ఆటవస్తువుల్లో ఏం చూడాలి?

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల ఆటవస్తువులకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర కింద 'సీఎం/ఎల్' అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అది నిజమో కాదో తెలిసిపోతుంది. ఫోన్ ఎలాగూ పిల్లల చేతిలోనే ఉంటుంది కదా, ఆ పని వాళ్ళకే అప్పజెప్పండి. ఇదే యాప్‌లో నగల మీద ఉండే ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్యని కూడా చూసుకోవచ్చు, అమ్మమ్మకి కొత్త గాజులు కొన్నప్పుడు మనవడికి పెద్దరికం ఇవ్వండి.

కొండపల్లి బొమ్మ మీద ఐఎస్ఐ ముద్ర లేదేమిటని ఒకసారి ఒక పాప అడిగింది, మంచి ప్రశ్న. భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే జీఐ గుర్తింపు) ఉన్న బొమ్మలకీ, చేతివృత్తుల శాఖ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికీ ఆ రూలు నుంచి మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ మూడింటికీ ఆ గుర్తింపు ఉంది. జాతరలో దొరికే, తయారీదారు పేరే లేని ప్లాస్టిక్ బొమ్మకి ఏ మినహాయింపూ లేదు.

టీవీలో, యూట్యూబ్‌లో యాడ్ చూసి అదే కావాలని ఏడుస్తాడు. ఎలా ఆపాలి?

యాడ్ ఆపలేరు, కలిసి చూడగలరు. "ఇది మనకి ఏం చెబుతోంది? నిజమని ఎలా తెలుస్తుంది?" ఈ రెండే అడగండి. పిల్లల యాడ్ల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. ఫలానాది తాగితే తెలివి పెరుగుతుంది, బలం పెరుగుతుంది అని ఆధారం లేకుండా చెప్పకూడదు, అనవసరమైనది కొనిపించడానికి బహుమతులు ఎర చూపకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఇది విన్నాక పిల్లలు యాడ్లలో తప్పులు వెతకడం ఒక ఆటగా మొదలుపెడతారు.

'హెల్త్ డ్రింక్' అని మనం పాలల్లో కలిపి ఇస్తున్నవాటి సంగతి తీసుకోండి. మన ఆహార చట్టంలో ఆ పేరుతో ఒక రకమే లేదని 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పి, ఆ వర్గం నుంచి తీయించింది. డబ్బా తీసి వంద గ్రాములకి చక్కెర ఎంతో చదివించండి, స్పూన్లలోకి మార్చి గిన్నెలో పోయించండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌దే. విరేచనాలైన పిల్లలకి ఇచ్చే ఓఆర్ఎస్ ఉంది కదా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పళ్ళరసం పానీయాలు అదే పేరు పెద్దగా వేసుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆ ఫార్ములా కాని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. లేబుల్ చదివి, ఇది తప్పు అని పదే పదే అడిగిన ఒక మనిషి వల్ల ఎంత మారిందో చెప్పడానికి పిల్లలకి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు.

స్కూలు బయట బండి దగ్గర తినేవాటి సంగతి?

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి స్కూల్లోగానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపుగానీ అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. గేటు దగ్గర నిలబడి చూస్తే అమలు ఎంతో మీకే తెలుస్తుంది. పిల్లలకి రెండు చెప్పండి చాలు. బజ్జీలు, పునుగులు న్యూస్‌పేపర్‌లో చుట్టించుకోకూడదు, అచ్చు సిరా నూనెలోకి దిగుతుంది, అలా చుట్టడం నిషేధం కూడా. ఇంట్లోంచి డబ్బా పట్టుకెళ్తే బండి అన్న సంతోషంగానే అందులో వేస్తాడు. రెండోది, కళ్ళు చెదిరే గులాబీ రంగు పీచు మిఠాయి వద్దు. బట్టలకి వేసే రోడమిన్-బి రంగు దొరికిందని 2024లో తమిళనాడు, తర్వాత కర్ణాటక అలాంటి వాటిని నిషేధించాయి.

ఫోన్లో గేమ్ ఆడుతూ డబ్బులు కట్టేశాడు. ఏం చేయాలి?

ముందు తిట్టకండి, తిడితే రెండోసారి దాచేస్తాడు. ప్లే స్టోర్‌లో కొన్నదైతే 48 గంటల లోపు రీఫండ్ అడిగితే వచ్చే అవకాశం బాగానే ఉంటుంది, కాబట్టి కోపం తర్వాత, రిక్వెస్ట్ ముందు. కొనేముందు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ పెట్టండి. ఎవరో లింకు పంపి డబ్బు లాగేస్తే అది కొనుగోలు కాదు, మోసం. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని యాప్‌లు చేసే మాయలు చూపించండి. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి 13 మాయల్ని డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి నిషేధించింది. 'ఇంకా రెండే ఉన్నాయి, తొందరపడండి' అని లేని తొందర పుట్టించడం ఒకటి. మనం వేయని ఇన్సూరెన్సో విరాళమో బుట్టలోకి తోసేయడం ఇంకొకటి. 'వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు' అని బటన్ మీద రాసి మనల్ని సిగ్గుపడేలా చేయడం మరొకటి. చేరడం ఒక్క నొక్కుతో, బయటపడటం పది పేజీలతో, ఇదీ అందులోదే. బస్ టికెట్టో డ్రెస్సో ఆర్డర్ పెట్టేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని దొరికాయో చెప్పమనండి. మనం చూడకుండా నొక్కేసే టిక్కులు వాళ్ళు పట్టేస్తారు.

చిన్న చిన్న వాటికి బిల్లు అడగడం అవసరమా?

పెన్నుకి అక్కర్లేదు. షూస్, బ్యాగు, క్యాలిక్యులేటర్, సైకిల్, వీటికి అడగాలి. బిల్లు ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు కింద 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ముద్రించి ఉంటుంది చూడండి, దాన్ని చూసి చాలామంది వెనక్కి వచ్చేస్తారు. లోపం ఉన్న సరుకుకి ఆ లైను అడ్డు కాదు. బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లో, లోపమున్న దాన్ని వాపసు తీసుకోనంటే అది కూడా అనుచితమే. రంగు నచ్చలేదు, మనసు మారింది అన్నవి లోపాలు కావు, అప్పుడు మార్చి ఇస్తే అది కొట్టువారి మంచితనం. పిల్లలు ఈ రెండిటినీ కలిపేస్తారు, ఓపిగ్గా విడదీసి చెప్పాలి.

క్యారీ బ్యాగు గురించి కూడా అడుగుతుంటారు. చండీగఢ్‌లో ఒక కొనుగోలుదారు బూట్ల పెట్టె పెట్టుకునే కాగితం సంచికి 3 రూపాయలు తీసుకున్నారని వినియోగదారుల ఫోరానికి వెళ్తే, 2019లో బాటా కంపెనీ మొత్తం 9,000 కట్టాల్సి వచ్చింది. ఆ సంచి మీద ఉన్నది కంపెనీ ప్రకటనే, తన ప్రకటన మోయడానికి మన దగ్గరే డబ్బు తీసుకోవడమేమిటన్నది అక్కడి వాదన. పిల్లలకి ఈ కథ బాగా నచ్చుతుంది. దాంతోపాటు గుడ్డ సంచి చేతికివ్వండి.

పిల్లలు స్వయంగా ఫిర్యాదు చేయవచ్చా?

కొనుక్కున్నది మైనరైతే వాళ్ళ తరఫున తల్లిగానీ తండ్రిగానీ సంరక్షకులుగానీ ఫిర్యాదుదారు కావచ్చని చట్టమే చెబుతోంది. సంతకం మీది, రాత వాళ్ళది కానివ్వండి. మొదటి మెట్టు షాపు, రెండోది ప్యాకెట్టు మీది కస్టమర్ కేర్, మూడోది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చాలా వరకు అక్కడే తేలిపోతాయి.

రాయించేటప్పుడు 'మోసం', 'దొంగలు' లాంటి మాటలు తీయించండి. "ఫలానా తేదీన ఇంత పెట్టి స్కూలు బ్యాగు కొన్నాను. వారం రోజులకి జిప్పు ఊడిపోయింది. బిల్లు, ఫొటో జతచేశాను. బాగుచేసి ఇవ్వండి, లేదా మార్చండి." ఇంతే. ఏం కొన్నాను, ఏమైంది, నాకేం కావాలి. చివరిది పెద్దవాళ్ళు కూడా మర్చిపోతారు, రెండు పేజీలు బాధ రాసి ఏం కావాలో రాయరు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ (ఇప్పటికీ అందరూ కన్జ్యూమర్ ఫోరమ్ అనే అంటారు). చెల్లించిన విలువ 50 లక్షల లోపైతే జిల్లాలోనే, ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మీరు ఉండే ఊళ్ళోనే వేయవచ్చు, కంపెనీ ముంబైలో ఉన్నా సరే. రెండేళ్ళ లోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు. నెలలు పడుతుంది, అదీ ముందే చెప్పండి. జిప్పు కోసం కమిషన్ దాకా వెళ్ళాలా అంటే, నేనైతే వెళ్ళను, 1915 దగ్గర ఆపేస్తాను. సైకిలైతే వెళ్తాను.

హక్కులు నేర్పాక మావాడు అందరితో గొడవ పడుతున్నాడు!

బాధ్యతలు వదిలేసి హక్కులు మాత్రం చెప్పినప్పుడు ఇలాగే అవుతుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయి ఆ కంపెనీ యజమాని కాదు, నెల జీతానికి రోజంతా నిలబడే మనిషి. ఆమె మీద అరిస్తే బ్యాగు జిప్పు బాగవదు. "అక్కా, ఇది చూడండి, ఇలా అయింది, ఎవరితో మాట్లాడాలి?" అనడం నేర్పండి. 'అన్నా', 'అక్కా', 'అంకుల్' అన్న పిలుపుతో మొదలుపెడితే సగం వేడి తగ్గుతుంది, ఆ తర్వాత అడగాల్సింది మాత్రం తగ్గించకుండా అడగవచ్చు.

బాధ్యతల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అబద్ధం ఆడకపోవడం. పెళ్ళికి డ్రెస్సు ఆన్‌లైన్‌లో తెప్పించి, ట్యాగు లోపలికి మడిచి వేసుకుని, ఫొటోలు దిగి, మర్నాడు 'సైజు సరిపోలేదు' అని రిటర్న్ పెట్టే ఇళ్ళు బోలెడు. పిల్లలు చూస్తూనే ఉంటారు. మన చేతిలోంచి పడి పగిలిన దాన్ని 'వచ్చినప్పుడే ఇలా ఉంది' అనడం, హోటల్ మీద కోపంతో తినని వంటకి ఒక్క స్టార్ ఇవ్వడం, పళ్ళ బండి దగ్గర రుచి చూస్తానని గుప్పెడు ద్రాక్ష తినేసి కొనకుండా పోవడం, ఇవన్నీ ఒక కోవలోవే. ఎక్కువ చిల్లర పొరపాటున వస్తే వెనక్కి ఇవ్వడం కూడా చిల్లర లెక్కపెట్టుకోవడంలో భాగమే.

"రెండు రూపాయల కోసం పరువు తీస్తున్నారు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే?

అంటారు. మా మామగారైతే నేరుగా పిల్లల ముందే అంటారు. వాదించకండి, తాతగారికే పని అప్పజెప్పండి. నూనె డబ్బా మీది సన్న అక్షరాలు చదవడానికి ఆయనకి మనవరాలు కావాలి, అందులో ఏ నూనె ఎంత కలిపారో తెలిశాక ఆ షాపుకి ముందు బయల్దేరేది ఆయనే. పాతరోజుల్లో తవ్వ, సోలతో కొలిచేటప్పుడు కొట్టువాడు ఎలా మోసం చేసేవాడో ఆయన చెప్పే కథలు మన ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తాయి.

స్కూల్లో ఏమైనా చేయించవచ్చా?

కన్జ్యూమర్ క్లబ్బులు, బీఐఎస్ వాళ్ళ స్టాండర్డ్స్ క్లబ్బులు చాలా స్కూళ్ళలో ఉన్నాయి, మీ స్కూల్లో ఉందేమో కనుక్కోండి. డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం, మార్చి 15 ప్రపంచ దినోత్సవం. ఆ రోజు వ్యాసరచన పోటీ పెట్టేకన్నా ఖాళీ ప్యాకెట్లు తెమ్మని ఒక గోడకి అంటించి, ఏ ప్యాకెట్టు మీద ఏం లేదో పిల్లల చేతే రాయిస్తే బాగుంటుందని ఒక టీచరుగారికి చెప్పాను, ఆవిడ చేయించారు, గోడ చాల్లేదట.

మేం అమెరికాలో ఉంటాం. ఇవన్నీ మా పిల్లలకి పనికొస్తాయా?

లేబుల్ చదవడం, యాడ్‌ని అనుమానించడం ఎక్కడైనా ఒకటే. తేడాలు చెప్పాలి. అక్కడ ఎమ్మార్పీ అన్నదే లేదు, ఒకే సరుకు పక్క షాపులో వేరే రేటు ఉండొచ్చు, ట్యాగు మీది ధరకి సేల్స్ ట్యాక్స్ చాలాచోట్ల కౌంటర్లో కలుస్తుంది. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు మీ అబ్బాయి ఎమ్మార్పీ మీద ట్యాక్స్ ఎంతని అడిగితే ఏమీ లేదని చెప్పండి, అన్నీ అందులోనే ఉంటాయి. మనసు మారిందని వాపసు ఇచ్చేయడం అక్కడ మామూలు కావచ్చు, ఇక్కడి కిరాణా కొట్టులో అలా కుదరదు.

మందుల షాపుకి పంపవచ్చా?

పంపకండి, మీతో తీసుకెళ్ళండి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనీ, కొనకూడదనీ చూపించండి. నాలుగు మాత్రలే కావాలంటే కత్తిరించి ఇస్తారు, అప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క మన చేతికి వస్తోందా, షాపులోనే ఉండిపోతోందా చూడమనండి. తేదీ లేని ముక్క ఇస్తే కవరు మీద పేరూ తేదీ రాసి ఇవ్వమని అడగండి. స్ట్రిప్ మీది ధర పది మాత్రలకో పదిహేనింటికో ఉంటుంది, నాలుగింటికి ఎంతవుతుందో అక్కడే నోటిలెక్క వేయమనండి. ఇంటికొచ్చాక మందుల డబ్బా బోర్లించి గడువు దాటినవి ఏరే పని పిల్లలకి ఇవ్వండి, మీ కళ్ళ ముందే, చిన్నవాళ్ళకి అందకుండా.